డబుల్ లాకులో మసిగుడ్డ

ఉదయం పదకొండుంబావుకి మా ఆఫీసు గేట్లు మూసేశారు. పదకొండున్నరకి పోలీసు కుక్క దిగింది. పన్నెండుకి పది నిమిషాలుందనగా డైరెక్టరు విశ్వేశ్వరమూర్తి గారు నన్ను లోపలికి పిలిచి, తలుపు వెయ్యమని, గొంతు బాగా తగ్గించి, "రాసుకో గోపాలం" అన్నారు.

నేను ఆయన స్టెనోని. రాసుకోవడమే నా పని.

"ఈ సంస్థకు ప్రాణప్రదమైనదీ, డబుల్ లాకులో భద్రపరచబడినదీ అయిన ఆస్తి నెంబరు ఒకటి, అనగా మసిగుడ్డ, ఈ దినం కనిపించకుండా పోయినది. గుర్తులు. ఒకటి, దళసరి చేనేత తువ్వాలు. రెండు, ఎడమ మూల నిప్పురవ్వ పడి కాలిన చిల్లు, రూపాయి బిళ్లంత. మూడు, అంచుకి నీలం దారంతో చేతి కుట్టు. ఆ కుట్టు వంకరగా ఉంటుంది. రాశావా?"

"రాశానండి."

"వంకర కింద గీత పెట్టు." ఆయన కుర్చీలో వెనక్కి వాలి, వీపు వెనక వేలాడుతున్న తువ్వాలు కొస లాక్కుని మెడ తుడుచుకున్నారు. "ఇప్పుడు ఉత్తర్వు. మసిగుడ్డ మాయమగుటకు కారకులైన ఫలానా వారిని, కమిటీ ఎదుట పేరు పైకి చదివిన క్షణం నుంచి, ఈ ప్రాంగణంలో కాలు పెట్టనివ్వరాదు. వారి అధీనంలోని గది తాళాలు అక్కడికక్కడే స్వాధీనపరచుకొనవలెను. దీనిపై అప్పీలు లేదు. పేరు దగ్గర ఖాళీ వదులు."

టైపు చేసి ఇచ్చాను. ఆయన అలవాటుగా చదవకుండానే, ఖాళీని అలాగే ఉంచి కింద సంతకం పెట్టేశారు. సీలు కూడా వేశారు.

"పేరు ఎప్పుడు రాయమంటారండి?"

"దొంగ దొరికినప్పుడు. మూడింటికి రాజధాని నుంచి కమిటీ వస్తోంది. అప్పటికీ దొరక్కపోతే సంరక్షకురాలి పేరు రాసెయ్. బాధ్యత అనేది ఎక్కడో ఒకచోట ఆగాలి కదా."

సంరక్షకురాలు తలుపు అవతల స్టూలు పక్కన నిలబడి ఉంది. పేరు నూకరత్నం. పంతొమ్మిదేళ్లుగా మా ఆఫీసు క్యాంటీను నడుపుతోంది. కుడిచేతి వేళ్లకి పసుపు రాసుకుని ఉంది. నేను బయటికి రాగానే, "తమ్ముడూ, సాంబారు పొయ్యి మీదుంది. నన్నెంతసేపు నిలబెడతారు?" అంది.

ఆమె పేరు కోసం ఒక ఖాళీ సిద్ధంగా ఉందని నాకు తెలుసు. ఆమెకి తెలియదు.

ఇదంతా ఎలా వచ్చిందో చెప్పాలి. మాది పాత ఇంటిమాటల పునరుద్ధరణ సంస్థ, జిల్లా శాఖ. పోయినేడు పైనుంచి మాట దత్తత పథకం వచ్చింది. వాడుకలోంచి జారిపోతున్న ఇంటిమాటల్ని జిల్లాకొకటి చొప్పున దత్తత ఇచ్చారు. పక్క జిల్లాకి గంగాళం వచ్చింది. ఆ పక్క దానికి ఉట్టి. మాకు మసిగుడ్డ.

డైరెక్టరు గారికి మొదట్లో చిన్నతనం అనిపించింది. గంగాళం ఠీవిగా ఉంటుంది, ఉట్టికి కృష్ణుడి అండ ఉంది, మనకేమో పొయ్యి దగ్గర పడేసే పీలిక వచ్చిందని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు నిర్వచన ఉపసంఘం వేశారు.

ఉపసంఘం ఏడుసార్లు కూర్చుని మూడు అర్థాలు తేల్చింది. ఒకటి, మసి గల గుడ్డ. రెండు, పొయ్యి మీది వేడి పాత్రను దించుటకు వాడునది. మూడు, దించిన పిమ్మట చెయ్యి తుడుచుకొనునది. మూడో అర్థం మీద పెద్ద గొడవ జరిగింది. చెయ్యి తుడుచుకోవడం వాడుక కిందికి వస్తుందా, దుర్వాడుక కిందికి వస్తుందా అని ఇద్దరు సభ్యులు మాటలు మానేశారు. మొదటి అర్థం మీద మాత్రం డైరెక్టరు గారు ఎవరినీ నోరెత్తనివ్వలేదు.

"మసి లేనిది మసిగుడ్డ కాదు. ఇది నా స్థిరాభిప్రాయం. మినిట్స్‌లో రాయండి" అన్నారు. రాశాను.

తర్వాత లక్ష్యం వచ్చింది. నెలకి పదివేల ప్రయోగాలు. ఎవరెవరు ఎన్నిసార్లు ఆ మాట అన్నారో రిజిస్టరులో ఎక్కించాలి. ఆఫీసు పని మీద ఎవరు నోరు తెరిచినా ముందు ఆ మాట అని, ఆ తర్వాతే విషయానికి రావాలని నాలుగో నిబంధన పెట్టారు. ఫోనెత్తితే "మసిగుడ్డ, చెప్పండి." సెలవు చీటీలో "మసిగుడ్డ, జ్వరం వలన రెండు రోజులు రాలేను." సూపరింటెండెంటు గారి మామగారు పోతే సంతాపసభలో రెండు నిమిషాలు మౌనం పాటించాం. మౌనానికి ముందొకసారి, తర్వాతొకసారి అన్నాం. రెండు ప్రయోగాలు వచ్చాయి. సభకి నూటపది మంది వచ్చారు కాబట్టి రెండువందల ఇరవై.

బస్టాండులో కూడా మా వాళ్లు ఒప్పించారు. "మసిగుడ్డ, పుష్కరాలరేవు వెళ్లు బస్సు మూడవ ప్లాట్‌ఫారం మీద కలదు" అని మైకులో వినిపించేది. ఆ నెల మావి నలభై ఒక్క వేల ప్రయోగాలు. గంగాళం వాళ్లు ఆరువేల దగ్గర చతికిలబడ్డారు. రాష్ట్రంలో మేమే మొదటివాళ్లం. పైనుంచి అభినందన లేఖ వచ్చింది. దాని కింద ఒక చిన్న వాక్యం: "పరిశీలనా కమిటీ రాక సందర్భంగా సదరు వస్తువును కూడా చూపగలరు."

అక్కడ మాకు చెమటలు పట్టాయి. నలభై ఒక్క వేలసార్లు అన్నాం కానీ ఒక్కటీ చూడలేదు. ఎనభైమంది ఉద్యోగుల ఇళ్లు వెతికించాం. ఎవరి దగ్గర చూసినా పట్టకార్లు, చేతికి తొడుక్కునే పూలపూల దూది తొడుగులు. డైరెక్టరు గారింట్లో అడిగితే వాళ్లావిడ, "వంటమనిషి ఎలా దించుతుందో నేనెప్పుడూ చూళ్లేదు" అందట.

చివరికి దొరికింది మా క్యాంటీనులోనే. వెనక రేకుల షెడ్డులో, కట్టెల పొయ్యి పక్కన, మేకుకి వేలాడుతూ. నూకరత్నం వాళ్లాయన పాత తువ్వాలు. పన్నెండేళ్లుగా దాంతోనే సాంబారూ పాలూ దించుతోంది. దాన్ని చూసి డైరెక్టరు గారు చెప్పులు విప్పారు.

"దీన్ని నువ్వేమంటావమ్మా?" అని అడిగారు, నన్ను రాసుకోమని సైగ చేస్తూ.

"గుడ్డండి" అంది నూకరత్నం.

ఆ వాక్యం రికార్డులోకి ఎక్కలేదు.

గుడ్డకి ఇత్తడి బిళ్ల తగిలించి ఆస్తి నెంబరు ఒకటి ఇచ్చారు. ఖజానా వాళ్లలాగా డబుల్ లాకు పెట్టారు. బీరువాకి రెండు తాళాలు, ఒక తాళంచెవి స్టోరుకీపరు సుగుణాకరం దగ్గర, రెండోది డైరెక్టరు గారి దగ్గర. రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది. నూకరత్నం చేత సంరక్షకురాలిగా బాండు మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఆమెకి సంతకం వచ్చు. వేలిముద్ర అయితే పాతకాలపు వాసన ఉంటుందని వేయించారు.

గుడ్డ కావాలంటే ఇండెంటు చీటీ రాసి పెట్టుకోవాలి. పదిన్నర తర్వాత ఇస్తారు, అయిదింటికి వాపసు చెయ్యాలి. పాలు మాత్రం ఏడింటికే పొంగుతాయి. "పాలకి చెప్పండి బాబూ, పదిన్నర దాకా ఆగమని" అంది ఆమె. ఆ తర్వాత పక్షం రోజులు చీర కొంగుతో దించుకుంది. అప్పుడు కాలినవే ఆ వేళ్లు.

ఇప్పుడు ఆ బీరువా ఖాళీ.

విచారణకి విజిలెన్సు అధికారి నరసింహరాజు గారు వచ్చారు. డీఎస్పీగా రిటైరైన మనిషి. మీసం ఇంకా సర్వీసులోనే ఉంది. వస్తూనే కుక్కకి స్టోరులో దొరికిన ఇత్తడి బిళ్ల వాసన చూపించారు. కుక్క ముక్కు పైకెత్తి ఆలోచించి, వరండా వెంట పరిగెత్తి, తిన్నగా క్యాంటీనులోకి పోయి గారెల పళ్లెం ముందు కూర్చుంది.

"చూశారా" అన్నారు డైరెక్టరు గారు. "కుక్క ఎవరిని చూపిస్తోందో."

"గారెల్ని చూపిస్తోందండి" అంది నూకరత్నం.

మీటింగు హాల్లో వాంగ్మూలాలు మొదలయ్యాయి. నాలుగో నిబంధన వాంగ్మూలాలకీ వర్తిస్తుంది.

"మసిగుడ్డ, నీ పేరు?" అన్నారు రాజు గారు.

"మసిగుడ్డ, నూకరత్నమండి."

"మసిగుడ్డ, నువ్వు దొంగిలించావా?"

"మసిగుడ్డ, నా గుడ్డ నేనెందుకు దొంగిలిస్తానండి?"

"మసిగుడ్డ, సొంత వస్తువు దొంగిలించడం మామూలు దొంగతనం కంటే లోతైన నేరం. నేను చాలా చూశాను."

నూకరత్నం కొంగు బొడ్లో దోపింది. "రాజుగారూ, ఒక్కటి చెప్పనా. మసిగుడ్డ. పంతొమ్మిదేళ్లలో ఈ ఆఫీసులో నేను కాఫీ పొయ్యని అధికారి లేడు. ఒక్కరూ ఆకలితో ఇంటికెళ్లలేదు. ఆ షెడ్డు తియ్యమంటే నాకింకో బతుకు లేదు. గుడ్డ పోతే ఇంకో గుడ్డ కుట్టుకుంటాను. షెడ్డు మటుకు ముట్టుకోకండి."

రాజు గారు మీసం సవరించుకుని, నా వైపు తిరిగి, "ఇందులో ప్రయోగాలెన్ని?" అన్నారు.

"ఆవిడ ఒకసారే అందండి."

"అంత పొడుగు వాంగ్మూలానికి ఒకటేనా" అని నిట్టూర్చారు.

ఒంటిగంటయింది. డైరెక్టరు గారు ఇంకో దారి ఆలోచించారు. కొత్త గుడ్డ తెచ్చి మసి పూస్తే? తెలివైన ఆలోచనే. ప్రాంగణంలో మసి లేదు. కమిటీ కళ్లకి పొగ తగలకూడదని అంతకు మూడు రోజుల ముందే కట్టెల పొయ్యి పూడ్పించాం. గిన్నెల అడుగులు ఇసుకేసి తోమించాం. షెడ్డు గోడలకి తెల్ల సున్నం కొట్టించాం. అద్దె గ్యాసు పొయ్యి తెప్పించాం. జిల్లా మొత్తంలో మసిగుడ్డ సంస్థ ఆవరణ ఒక్కటే అద్దంలా ఉంది.

"జిరాక్సు మిషన్లో నల్లపొడి ఉంటుంది కదా" అన్నారు డైరెక్టరు గారు.

సుగుణాకరం టోనరు డబ్బా విప్పి, తెల్ల నైలాను కర్చీఫు పెద్దదొకటి తీసుకుని, శ్రద్ధగా పూశాడు. చూడ్డానికి నిజందానికంటే నిజంగా ఉంది. గాజు పెట్టెలో పెట్టి తాళం వేశారు.

రెండున్నరకి నాకొక అనుమానం వచ్చింది. దొంగకి రెండు తాళంచెవులు కావాలి. ఒకటి సుగుణాకరం దగ్గరుంది. అతను సంతకం లేకుండా సొంత నీడని కూడా బయటికి పంపని మనిషి. అంటే కాగితం ఉండి తీరాలి. స్టోరు రూముకి వెళ్లాను.

"ఏమయ్యా సుగుణాకరం, బీరువా ఆఖరిసారి ఎప్పుడు తెరిచారు?"

"పోయిన మంగళవారం" అన్నాడు, చేతుల నలుపు కడుక్కుంటూ. "ఫైలుంది."

"పొద్దుట్నించి ఊరంతా గగ్గోలైపోతుంటే చెప్పవేం?"

"నన్నెవరూ ఫైలడగలేదు. మసిగుడ్డ తీశావా అనడిగారు. మసిగుడ్డ నేను తియ్యలేదు. అబద్ధం ఆడమంటావా?"

ఫైలు తీసుకుని నిలబడే చదివాను. రెండోసారి కూర్చుని చదివాను. మూడింటికి పది నిమిషాల ముందు డైరెక్టరు గారి గదిలోకి పరిగెత్తాను.

"సార్, దొరికింది. ఎవరో తెలిసింది."

ఆయన కళ్లు మెరిశాయి. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇప్పుడు కాదు. కమిటీ ఎదుట, నేను అడిగినప్పుడు, పైకి చదవాలి. అప్పటిదాకా ఒక్క అక్షరం నీ నోట్లోంచి రాకూడదు. ఇది ఆజ్ఞ."

"సార్, మీరొకసారి చూస్తే..."

"గోపాలం. ఆజ్ఞ."

నేను పంతొమ్మిదేళ్లలో ఆయన ఆజ్ఞ మీరలేదు. ఆ రోజు మీరడానికి కారణం కనిపించలేదు.

కమిటీ సరిగ్గా మూడింటికి వచ్చింది. అధ్యక్షురాలు రాజ్యలక్ష్మి గారు, వెనక ఇద్దరు సభ్యులు. మీటింగు హాల్లో వేదిక మీద కుర్చీలు వేశాం. డైరెక్టరు గారు ఎక్కడ కూర్చున్నా ఆయన కుర్చీయే అక్కడికి మోసుకుపోవడం మా ఆఫీసు ఆనవాయితీ. తువ్వాలుతో సహా మోసుకొచ్చి నడిమధ్యలో వేశాం. ఆ కుర్చీ వెనకాలే, గోడవార, బల్ల మీద గ్యాసు పొయ్యీ, దాని మీద పదిహేను లీటర్ల పాల గిన్నే. ప్రదర్శన కోసం. పక్కన నూకరత్నం.

"మసిగుడ్డ, అధ్యక్షురాలి గారికి స్వాగతం" అన్నారు డైరెక్టరు గారు. హాలంతా లేచి, "మసిగుడ్డ" అంది. ఎనభై ప్రయోగాలు.

రాజ్యలక్ష్మి గారు గాజు పెట్టెలోకి తొంగిచూశారు. "బాగుంది. మా అమ్మమ్మ చేతిలో చూశాను ఇలాంటిది. ఏదీ, వాడి చూపించండి. మాట ఎంతమంది అన్నారన్నది కాగితంలో ఉంది. పాలు దించడం చూసి వెళ్తాను."

డైరెక్టరు గారు ధైర్యంగా తల ఊపారు. సుగుణాకరం గాజు పెట్టె తెరిచి నల్ల కర్చీఫు తీసి నూకరత్నానికి అందించాడు. ఆమె దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇది నైలానండి. గిన్నె కంటుకుంటుంది" అంది.

"దించమ్మా" అన్నారు డైరెక్టరు గారు, వెనక్కి తిరక్కుండా, నవ్వు చెరక్కుండా.

ఆమె గిన్నె అంచుకి ఒక కొస తగిలించింది. చుంయ్‌మని కరిగి, నల్లటి తీగలాగా సాగింది. హాలంతా కాలిన వాసన. అదే నిమిషాన పాలు మీగడ చీల్చుకుని పైకి లేచాయి. పొయ్యి ఆపబోతే అద్దె పొయ్యి మీట చేతిలోకి ఊడొచ్చింది.

సుగుణాకరం ఇండెంటు పుస్తకం కోసం వెతుకుతున్నాడు. రాజు గారు ఒక అడుగు ముందుకు వేసి, వేడి తగిలి, రెండడుగులు వెనక్కి వేశారు. ఎవరో ఫైలు అట్టలతో పట్టుకోమన్నారు. పాలు అంచుకి వచ్చాయి.

నూకరత్నం అటూ ఇటూ చూసింది. ఎదురుగా డైరెక్టరు గారి కుర్చీ వీపు కనిపించింది. దాని మీద తెల్లటి దళసరి తువ్వాలు. ఎడమ మూల రూపాయి బిళ్లంత చిల్లు. అంచున నీలం దారం, వంకర కుట్టు.

ఆమె ఆయన వీపు కిందినుంచి తువ్వాలు ఒక్క లాగు లాగింది. డైరెక్టరు గారు ముందుకి తూలారు. నాలుగు మడతలు పెట్టి, రెండు చేతులా గిన్నె పట్టి, పక్కనున్న పీట మీద దించింది. ఒక్క చుక్క ఒలకలేదు. తర్వాత అదే గుడ్డతో చెయ్యి తుడుచుకుంది. మూడో అర్థం గురించి మాటలు మానేసిన ఇద్దరు ఉపసంఘ సభ్యులూ అప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది నాదండి" అంది నూకరత్నం. "ఎవరో ఉతికేశారు పాపం. పన్నెండేళ్ల పదును పోయింది."

రాజ్యలక్ష్మి గారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అసలుది ఇదా? మరి ఆ పెట్టెలోది?"

డైరెక్టరు గారు తేరుకున్నారు. ఆయనలో ఉన్న గొప్పగుణం అదే. "అమ్మా, ఈ సంస్థలో ఒక ద్రోహం జరిగింది. దాచను. మా విచారణ పూర్తయింది. దోషిని శిక్షించే ఉత్తర్వు మీద ఉదయమే సంతకం చేశాను. పేరొక్కటే ఖాళీ. గోపాలం, లే. ఫైలు పైకి చదువు."

లేచాను. నాలుగో నిబంధన ప్రకారం మొదలుపెట్టాను.

"మసిగుడ్డ. ఆరో తారీఖు. ఆస్తి నెంబరు ఒకటి మిక్కిలి మురికిగా ఉన్నందున కమిటీ రాకకు ముందు చాకిరేవులో శాస్త్రీయంగా శుభ్రపరచవలెను. డబుల్ లాకు రెండవ తాళంచెవి ఇందువెంట పంపడమైనది. ఆమోదం, సంతకం."

హాల్లో ఎవరో దగ్గారు.

"ఎనిమిదో తారీఖు. శుభ్రపరచిన పిమ్మట వస్తువులో మసి లేదు. మసి లేనిది మసిగుడ్డ కాదన్న ఉపసంఘ నిర్ణయం ప్రకారం దీనిని డబుల్ లాకులోనికి తీసుకొనుటకు వీలులేదు. ఇత్తడి బిళ్ల తొలగించి సాధారణ వస్త్రంగా స్టోరుకు పంపవలెను. ఆమోదం, అదే సంతకం."

"అదే" అన్న మాట దగ్గర డైరెక్టరు గారి చెయ్యి అలవాటుగా వెనక్కి పోయి తువ్వాలు కొస కోసం తడిమింది. ఏమీ దొరకలేదు.

"పదో తారీఖు. ప్రతి సోమవారం అధికారుల కుర్చీలకు చేనేత తువ్వాలు మాత్రమే వేయవలెనన్న సర్క్యులరును అనుసరించి, స్టోరులో ఉన్న ఒకే ఒక చేనేత తువ్వాలును అత్యున్నత అధికారి కుర్చీకి కేటాయించవలెను. ఆమోదం. సంతకం అదే."

"గోపాలం, చాలు" అన్నారు డైరెక్టరు గారు.

"చాలదు" అన్నారు రాజ్యలక్ష్మి గారు. "ఆ ఉత్తర్వు ఇటివ్వండి." తీసుకుని చదివారు. ప్రాంగణంలో కాలు పెట్టనివ్వరాదు. గది తాళాలు స్వాధీనం. అప్పీలు లేదు. కింద సంతకం, సీలు. ఆ సంతకాన్ని ఫైల్లోని మూడు సంతకాల పక్కన పెట్టి చూశారు. రాజు గారు కూడా ఒంగి చూసి మీసం మీంచి చెయ్యి తీసేశారు. నూకరత్నం పాలగిన్నె మీద మూత పెట్టి, గుడ్డ భుజం మీద వేసుకుని నిలబడింది.

రాజ్యలక్ష్మి గారు పెన్ను మూత తీసి ఖాళీ దగ్గర ఆనించారు. "పేరు పైకి చదవండి. అందరికీ వినపడాలి."

నేను గొంతు సవరించుకున్నాను.

"మసిగుడ్డ, వాడపల్లి విశ్వేశ్వరమూర్తి గారు."